బ్రేకు లైటు వెలిగితే చాలదు

కాళ్లు తలుపు బయట, నడుము గడప మీద, తల పెడళ్ల మధ్య. ముప్పై ఏడేళ్లు నేను చేసిన ఉద్యోగం చాలావరకు ఈ పడకే. బండ్ల కరెంటు పని నాది. బోర్డు మీద ఆటో ఎలక్ట్రీషియన్ అని ఉండేది, ఖానాపూర్‌లో మాత్రం అందరూ వైరింగు సువార్తక్క అంటారు. మెడ ఇక వంగనంటే పోయిన ఎండాకాలం షెడ్డు వదిలేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి ఆడపిల్లలు వస్తున్నారు. ఐటీఐ చదివి, చేతిలో స్కానరు పట్టుకొని వస్తున్నారు. వాళ్లలో ఇద్దరు మా ఇంటికి వచ్చి, పుస్తకంలో లేనిది ఏదైనా చెప్పమన్నారు. నోటితో చెప్పింది బస్సెక్కేలోపు మర్చిపోతారు, అందుకే రాసి ఇస్తున్నాను. అన్నీ రాయను. బ్రేకు పెడల్ పైన బొటనవేలంత స్విచ్చు ఒకటి ఉంటుంది. నన్ను పదిమందిలో తలదించుకునేలా చేసింది అదే, తర్వాత ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టిందీ అదే. దాని గురించే రాస్తాను.

ఉస్తాద్ కళ్లు

పెళ్లయిన కొత్తలో మా ఆయన కరీంనగర్ లారీ అడ్డాలో కావలి ఉండేవాడు. అడ్డా మూలన ఖాజా ఉస్తాద్ షెడ్డు. నేను అక్కడ ఊడ్చేదాన్ని, బ్యాటరీల మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్లతో కడిగేదాన్ని. ఉస్తాద్‌కు కళ్లలో పొర వచ్చింది. ఆపరేషన్ అంటే భయం. వేలితో తడిమితే వైరు ఎక్కడ తెగిందో చెప్పగలడు గానీ, దాని రంగు చెప్పలేడు.

ఒకరోజు డాష్‌బోర్డు కింద నుంచే నన్ను పిలిచాడు. "బేటీ, జర చూడు. నా చేతులున్న వైరు ఏం రంగు?"

"వంకాయ రంగు," అన్నాను.

"దాని పక్కది?"

"చిలకపచ్చ. మీద సన్నగ తెల్లంచు ఉంది."

ఉస్తాద్ అక్కడే పడుకొని నవ్వాడు. "చీరలమ్మెటోళ్ల తీరు చెప్తున్నవు. మంచిదే, గట్లనే చెప్పు."

ఆ రోజు నుంచి నేను ఆయన కళ్లు. మూడేళ్లు తిరిగేసరికి చేతులు కూడా నావే. అక్షరం రాకుండా నేను పని నేర్చుకున్నది ఇలా. దొండపండు రంగు వైరు ఎక్కడికి పోతుందో, పసుపు మీద నల్లగీత ఎక్కడి నుంచి వస్తుందో నాకు నిద్రలో కూడా తెలుసు.

ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. బండి రాగానే ఎవరినీ బానెట్ ఎత్తనిచ్చేవాడు కాదు. ముందు డ్రైవరుకు చాయ్ తెప్పించేవాడు. అది తాగేలోపు మూడు సంగతులు అడిగేవాడు. ఎప్పుడు చెడింది, ఏ జాగాలో చెడింది, చెడకముందు బండికి ఏం చేసిన్రు. మూడోదానికి ఎవరూ మొదటిసారి నిజం చెప్పరు, కాబట్టి రెండుసార్లు అడగాలనేవాడు. స్కానర్లు పట్టుకునే మీకు ఈ మాట పాతదనిపించవచ్చు. స్కానరు బండిని అడుగుతుంది. బండికి దసరా ఎప్పుడో తెలియదు, రోడ్డు ఎక్కడ తెగిందో తెలియదు. డ్రైవరుకు తెలుసు.

ఆయనలో నాకు నచ్చనిది కూడా ఉంది. తన తప్పు బయటపడితే బండి తెచ్చిన గిరాకీ మీదికి తోసేసి గొంతు పెంచేవాడు. అది మాత్రం నేర్చుకోవద్దనుకున్నాను. నేర్చుకున్నాను.

సేటు విసిరిన కాగితం

ఉస్తాద్ పోయాక మేము మా అవ్వగారి ఊరు, నేను పుట్టిన ఖానాపూర్ వచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాము. పని బాగానే దొరికింది. కొన్నేళ్లకు ఎరువుల దుకాణం సేటు ఒక కొత్త కారు కొన్నాడు. దానికి తాళంచెవి తిప్పే పని లేదు. బ్రేకు తొక్కి బొత్తాం నొక్కితే ఇంజను స్టార్టవుతుంది. ఒక పొద్దున కాలేదు. ఇంటిల్లిపాదీ ధర్మపురిలో పెళ్లికి పోవాలి.

బ్రేకు తొక్కితేనే స్టార్టయ్యే బండి కాబట్టి బ్రేకు స్విచ్చు చూడాలని నాకూ తట్టింది. సేటును బ్రేకు తొక్కమని, వెనక్కి పోయి చూశాను. రెండు లైట్లూ ఎర్రగా వెలిగాయి. "స్విచ్చు మంచిగనే ఉంది సేటూ," అన్నాను. ఆ తర్వాత బ్యాటరీ, స్టార్టరు, ఫ్యూజులు అన్నీ విప్పాను. మధ్యాహ్నానికి చేతులెత్తేసి, కంప్యూటర్ పోయింది, కరీంనగర్ తీసుకుపొమ్మన్నాను. కారును లారీ మీద ఎక్కించి పంపారు. పెళ్లికి వాళ్లు అందలేదు. కరీంనగర్‌లో ఆ స్విచ్చు ఒక్కటే మార్చి, పావుగంటలో బండి చేతికిచ్చారట.

రెండో రోజు సేటు వచ్చాడు. షెడ్డు ముందు పదిమంది ఉన్నారు. కరీంనగర్ వాళ్లిచ్చిన ఒక కాగితం నా బల్ల మీద విసిరాడు.

"ఆ స్విచ్చుల రెండు స్విచ్చులుంటయట. ఒకటి లైటుకు, ఒకటి కంప్యూటరుకు. గిండ్ల గీసి ఉంది, చదువుకో."

నాకు చదువు రాదని ఆయనకు తెలుసు. అక్కడున్న పదిమందికీ తెలుసు.

నేను ఉస్తాద్ లాగే గొంతు పెంచాను. కంపెనీ వాడు చెడ్డ స్విచ్చు పెడితే నన్నంటారా అని గట్టిగా అరిచాను. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. అరిచిన కొద్దీ తప్పు నాదేనని అందరికీ ఇంకా బాగా తెలిసిపోయింది.

తప్పు ఏమిటో తేటగా చెప్తాను, ఎందుకంటే ఇప్పటికీ మంచి మంచి మెకానిక్కులు అదే చేస్తున్నారు. ఇప్పటి బండ్లలో బ్రేకు స్విచ్చు ఒక డబ్బాలో రెండు జతల తీగలు పెట్టుకొని ఉంటుంది. పెడల్ తొక్కితే ఒక జత కలిసి వెనక లైటు వెలిగిస్తుంది. అదే తొక్కుడుకు రెండో జత విడిపోయి, కాలు బ్రేకు మీద ఉందని కంప్యూటరుకు చెప్తుంది. ఒకటి బాగుండి ఇంకొకటి చెడిపోవచ్చు. నేను లైటు చూసి సగం స్విచ్చును మాత్రమే చూశాను.

నాలుగు అక్షరాలు

మా చర్చి పాస్టరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్పేది. నన్ను ఏళ్లుగా పిలుస్తుంటే పనుందని తప్పించుకునేదాన్ని. ఆ వారం నేనే వెళ్లి సేటు కాగితం ఆమె ముందు పెట్టి, ఇది చదవడం నేర్పమన్నాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఇంగ్లీషు సువార్తా, నాకే సగం అర్థమైతలేదు. ముందు తెలుగు పట్టు."

"తెలుగుకు ఎన్ని రోజులు పడ్తది?"

"నీ కోపం ఉన్నన్ని రోజులు రా. చాలు."

కోపం చాలా రోజులే ఉంది. నలభై ఏడేళ్ల వయసులో, గ్రీజు మరకల వేళ్లతో పలక పట్టుకున్నాను. ఏడాదిన్నరకు తెలుగు కూడబలుక్కుని చదవగలిగాను. ఇంగ్లీషు పెద్దక్షరాలను పాస్టరమ్మ ఒక అట్ట మీద రాసిచ్చింది. ఆ అట్ట పట్టుకొని, వచ్చిన ప్రతి బండిలో ఫ్యూజు డబ్బా మూత మీద ఉన్నవి గుర్తుపట్టేదాన్ని. నేను మొదట చదివిన ఇంగ్లీషు మాట 'స్టాప్'. నాలుగు అక్షరాలు. అది బ్రేకు లైటు ఫ్యూజు. పరుగున వెళ్లి సేటు కాగితం తీశాను. అందులోనూ ఆ నాలుగు అక్షరాలు ఉన్నాయి. అక్కడ వేలు పెట్టి గీత వెంబడి పోతే ఒక చిన్న పెట్టె వచ్చింది. పెట్టెలో పక్కపక్కనే రెండు స్విచ్చులు గీసి ఉన్నాయి, ఒకటి తెరిచి, ఒకటి మూసి.

ఆ కాగితంతోనే సేటు దుకాణానికి పోయాను. "ఆ దినం తప్పు నాది సేటూ. కంపెనీది కాదు. గిదిగో, గిక్కడ ఉంది," అని వేలు పెట్టి చూపించాను. ఆయన కాగితం చూడలేదు, నా మొహమే చూశాడు. తర్వాత చాయ్ తెమ్మని కేకేశాడు. ఆయన కారు మళ్లీ ఎప్పుడూ కరీంనగర్ పోలేదు.

లచ్చన్న మీద వచ్చిన మాట

ఇది జరిగిన పదేళ్లకు, దీపావళి దాటిన వారం, లచ్చన్న షెడ్డుకు వచ్చాడు. ఒక ట్రస్టు ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరు. ఇరవై ఏళ్ల సర్వీసు. ఎప్పుడూ బండిలో వచ్చే మనిషి ఆ రోజు నడిచి వచ్చాడు.

ఉట్నూరు దిక్కు గుట్టల మీది గూడెం నుంచి ఒక గర్భిణిని తేవడానికి పోయాడు. గుట్ట ఎక్కుతుండగా బండి గుంజడం మానేసింది. రెండుసార్లు ఆపి, ఇంజను బందు చేసి, మళ్లీ స్టార్టు చేసుకొని పోయాడు. చేరేసరికి ఆలస్యమైంది. కాన్పు దారిలో బండిలోనే అయింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ ఆ అమ్మాయి తరఫు మనిషి ఒకాయన అంబులెన్సుకు ఎదురు నడిచి వస్తూ, మలుపు దగ్గర బండి ఆగి ఉండడం కళ్లారా చూశాడు. డ్రైవరు బీడీ తాగడానికి ఆపాడని ఆసుపత్రిలో ఫిర్యాదు రాయించాడు.

"కంపెనీ వర్క్‌షాపుల రెండుసార్లు కంప్యూటర్ పెట్టి చూసిన్రక్కా," అన్నాడు లచ్చన్న. "ఏదో పాత ఫాల్ట్ కోడ్ ఉందని తుడిచేసిన్రు. ఫిల్టర్ మార్చిన్రు. బండిల ఏం లేదని రాసిచ్చిన్రు. సోమవారం నాడు పనిల నుంచి తీసేసినట్టు నా చేతికి కాయితం ఇస్తరు. పైసల ఫికర్ కాదక్కా. ఇరవై ఏండ్లు తోలి, కాన్పు మనిషికి బండి ఆపినోన్ని అయితనా?"

చాయ్ తెప్పించాను. ఎప్పుడు చెడింది? పది రోజులైంది. ఎక్కడ? గతుకుల్లో, ఎక్కుడులో, అదీ ఒక్కోసారే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఇంజను పొయ్యి మీద చారు ఉడికినట్టు మెల్లగా కొట్టుకుంటుందట. బందు చేసి స్టార్టు చేస్తే మళ్లీ మామూలే. చెడకముందు బండికి ఏం చేశారు? ఏం చేయలేదన్నాడు. రెండోసారి అడిగాను.

"ఏం చేయలేదక్కా. దసరాకు కడిగి పూజ చేసినం, అంతే."

నేను గ్లాసు కింద పెట్టాను. మాకు ఏటా దసరా అయ్యాక నెల రోజులు రిపేర్ల సీజన్. బండ్లను పూజకు కడిగేటప్పుడు లోపల కాళ్ల దగ్గర కూడా పంపు పెడతారు. తర్వాత స్టీరింగుకు, పెడళ్లకు పసుపు రాస్తారు. బ్రేకు స్విచ్చు సరిగ్గా ఆ పెడల్ కట్టె పైకొనకు ఆనుకొని ఉంటుంది. దాంట్లోకి తడి పోతుంది, తడితో పసుపు పోతుంది. వెంటనే ఏమీ కాదు. లోపల రాగికి చిలుము పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఈ బండి కంప్యూటరుకు ఇంకో గుణం ఉంది. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు తోస్తే, ప్రమాదమని ఇంజను బలం తగ్గించేస్తుంది. స్విచ్చులో రెండో జత తీగలు గతుకుకు ఒక్క క్షణం విడిపోతే చాలు, బ్రేకు మీద కాలు ఉందనుకుంటుంది. వర్క్‌షాపులో సాపు నేల మీద నిలబెట్టి చూస్తే ఏముంటుంది? తుడిచేసిన ఆ పాత కోడే వాళ్లకు దొరికిన సాక్ష్యం. పిల్లలూ, కోడ్ తుడిచేముందు కాగితం మీద రాసుకోండి. ఇంతకంటే గట్టిగా నేను ఏదీ చెప్పలేను.

రెండు బల్బులు

ఆసుపత్రి మేనేజర్ సారు దగ్గరికి నేనే పోయాను. చెడ్డవాడు కాదు. ఫిర్యాదు చేతిలో ఉంది, బండి బాగుందని కంపెనీ రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. ఆయన జాగాలో ఎవరున్నా అదే నమ్ముతారు.

"కంపెనోళ్లకు దొరకంది నువ్వేం చూస్తవమ్మా?" అన్నాడు.

"నేను చూడ సారూ. మీరే చూస్తరు. జర ఒక పూట బండెక్కుండ్రి, చాలు."

శనివారం పొద్దున ఒప్పుకున్నాడు. లచ్చన్నను మాత్రం తోలనివ్వనన్నాడు. నాకు కావలసిందీ అదే. కొత్తగా చేరిన సలీం స్టీరింగు పట్టాడు. నేను పెడళ్ల కింద దూరి, స్విచ్చు కనెక్టరు వెనక నుంచి రెండు గుండుసూదులు దించి, రెండు చిన్న బల్బులు కట్టి డాష్‌బోర్డు మీద అతికించాను. లైటు తీగకు ఎర్రది, కంప్యూటరు తీగకు తెల్లది. బ్రేకు మీద కాలు లేనప్పుడు తెల్లది వెలుగుతుంది. బ్రేకు తొక్కితే తెల్లది ఆరి ఎర్రది వెలుగుతుంది. ఏదో ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. రెండూ ఆరిపోతే స్విచ్చు అబద్ధం చెప్తున్నట్టు. మేనేజర్ సారు తనే కాలు పెట్టి పదిసార్లు తొక్కి చూసుకున్నాడు.

ఆయన ముందు కూర్చున్నాడు. నేను, లచ్చన్న వెనక స్ట్రెచర్ పక్కన. ఏం జరిగినా నోరు తెరవొద్దని లచ్చన్నకు ముందే చెప్పాను.

గుట్ట ఎక్కాము. ఏమీ కాలేదు. తెల్ల బల్బు దీపంలా వెలుగుతూనే ఉంది. పైదాకా పోయి తిరిగి దిగాము. మేనేజర్ సారు గడియారం చూసుకున్నాడు. లచ్చన్న తల వంచుకున్నాడు. ఒకవేళ నేను మళ్లీ సగమే చూసి మాట్లాడుతున్నానేమో అనిపించింది.

అప్పుడు తట్టింది. సారు పక్కన ఉన్నాడని సలీం ప్రతి గతుకు దగ్గరా బండిని పెళ్లికూతురిని నడిపించినట్టు నడిపిస్తున్నాడు. ఏ డ్రైవరూ కాన్పు మనిషి కోసం పోయేటప్పుడు అలా తోలడు.

"సారూ, ఇంకొక్కసారి," అన్నాను. "సలీం బేటా, పైన ఒక తల్లి నొప్పులు పడుతుందనుకో. గట్ల తోలు."

సలీం మేనేజర్ సారు వైపు చూశాడు. సారు తలూపాడు.

ఈసారి బండి గతుకుల మీద ఎగిరెగిరి పడింది. స్ట్రెచర్ గొలుసులు మోగాయి. రెండో మలుపు దగ్గర, రోడ్డు తెగిన చోట, తెల్ల బల్బు రెప్ప వేసినట్టు ఒకసారి కొట్టుకొని ఆరిపోయింది. ఎర్రది వెలగలేదు. ఇంజను గొంతు పడిపోయింది. పరుగెత్తే బండి మనిషి నడకకు వచ్చింది.

"సార్, పూరా తొక్కిన. పోతలే," అన్నాడు సలీం.

"కాలు చూడుండ్రి సారూ," అన్నాను. "కాలు ఏడుందో చూడుండ్రి."

మేనేజర్ సారు వంగి చూశాడు. సలీం కుడికాలు యాక్సిలరేటరు మీద నేలకు తగిలి ఉంది. బ్రేకు దగ్గర ఎవరి కాలూ లేదు. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత బల్బులు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి లచ్చన్నను చూశాడు.

"ఆ దినం గూడ గిక్కడనేనా?"

"గీ మలుపే సారూ," అన్నాడు లచ్చన్న.

మలుపు దగ్గర

చేతి బ్రేకు వేయించి, చక్రాలకు రాళ్లు పెట్టించి స్విచ్చు ఊడదీశాను. రోడ్డు పక్కన మోరీ గోడ మీద తెల్ల కాగితం పరిచి, కత్తితో దాన్ని విప్పాను. లోపలికీ బయటికీ ఆడే పుల్ల చుట్టూ పసుపు అంచు కట్టి ఉంది. లైటు జత తళతళలాడుతోంది. రెండో జత మీద పచ్చటి చిలుము, దాని మీద ఎండిన పసుపు.

మేనేజర్ సారు వేలితో తాకి వాసన చూశాడు. "ఇదేంది, పసుపా?"

లచ్చన్న ముందుకు వచ్చాడు. "నేనే రాసిన సారూ. పెడల్ కట్టె మొత్తం, పైదాకా రాసిన. బండి సల్లగుండాలని." ఆ మాటతో పని మళ్లీ చెడిపోతుందేమో అనుకున్నాను. నిజం చెప్పాడు, ఆపడానికి నేనెవరిని?

మేనేజర్ సారు వేలికి అంటిన పసుపు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పెద్ద పంపు తెప్పించి, లోపల గూడ మంచిగ కొట్టుమన్నది నేనే."

సలీం అటు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు.

నేను దసరా పూజ చేసే మనిషిని కాదు, చేసేవాళ్లను తప్పు పట్టే మనిషినీ కాదు. బొట్టు స్టీరింగుకు పెట్టుకోండి, దండ బానెట్‌కు వేసుకోండి. పెడళ్ల పైభాగానికి నీళ్లూ పసుపూ తగలనివ్వకండి. ఈ మాట నా షెడ్డు గోడ మీద నా చేతితోనే రాశాను, ఇంకా ఉంది.

కొత్త స్విచ్చు ముందురోజే నిర్మల్ నుంచి తెప్పించి పెట్టుకున్నాను. దాన్ని బిగించడంలో ఒక మర్మం ఉంది. పెడల్ చేత్తో నొక్కిపట్టి, స్విచ్చును దాని గూట్లో పెట్టి మెలిపెట్టాలి. తర్వాత పెడల్ మెల్లగా వదలాలి. పుల్ల తన కొలత తానే తీసుకుంటుంది, ఒక్కసారే తీసుకుంటుంది. పెడల్ నొక్కకుండా తోసి బిగిస్తే ఆ కొలత తప్పి, కొత్త స్విచ్చు కూడా పాతదైపోతుంది. లచ్చన్నే పెడల్ పట్టుకున్నాడు. "మెల్లగ విడువు తమ్మీ," అన్నాను. టిక్కుమని చప్పుడైంది. తెల్ల బల్బు వెలిగింది.

మేనేజర్ సారు సలీం దగ్గర తాళంచెవి తీసుకొని లచ్చన్న చేతిలో పెట్టాడు.

"గూడెం దాక పోదాం పా. ఆ ఇంటోళ్లకు నేనే చెప్త. బీడీ తాగలేదు, బండి ఆగిందని. నువ్వు పక్కన నిలవడు, చాలు."

లచ్చన్న భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకొని సీట్లో కూర్చున్నాడు. నన్ను ఎక్కమన్నారు. నేను ఎక్కలేదు. బ్రేకు పని చేసిన తర్వాత వెనక నుంచి చూసే మనిషి ఒకరు ఉండాలి. మీరు పై మలుపు తిరిగేదాక నేను ఇక్కడే చూస్తాను, తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకోండన్నాను.

బండి కదిలింది. ముందున్న గతుకు మీద ఎగిరింది. ఇంజను గొంతు పడిపోలేదు, ఇంకా పెరిగింది. టేకు చెట్ల మధ్య నుంచి ఎక్కుడు ఎక్కుతూ పోతుంటే, రాళ్లు చక్రాల కింద నుంచి నా కాళ్ల దాకా వచ్చి పడ్డాయి. పై మలుపులో వెనక రెండు ఎర్ర లైట్లు వెలిగాయి, వెంటనే ఆరాయి. లచ్చన్న ఆపలేదు. గేరు మార్చి, గుట్ట ఎక్కి పోయాడు.